ఓరుగల్లు చుట్టూ ఏడు దారులు: మీ రోజుకు ఏది సరిపోతుంది?

వరంగల్‌కు చుట్టాలు వస్తున్నారనగానే అందరి నోటా వచ్చే పథకం ఒకటే. పొద్దున్నే రామప్ప, మధ్యాహ్నానికి లక్నవరం, సాయంత్రానికి బొగత జలపాతం. మూడూ ములుగు జిల్లాలోనే ఉన్నాయి, ఒకే జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్నాయి, కాబట్టి ఒక్క రోజులో తిరిగి రావచ్చనిపిస్తుంది. కానీ హనుమకొండ నుంచి బొగతకే దాదాపు 140 కిలోమీటర్లు. రామప్ప కోసం ఒకసారి, లక్నవరం కోసం మరోసారి రహదారి దిగి లోపలికి వెళ్లి రావాలి. తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక అడవిలో. ఇంత పరుగులో రామప్ప గుడికి గంట కూడా మిగలదు. ఆ గుడి రంగమండపంలో కప్పు మీద చెక్కినదంతా చూడడానికే ఆ గంట చాలదు.

అందుకని ముందే చెబుతున్నాను: రోజుకు ఒక దారి పట్టండి. హనుమకొండను కేంద్రంగా పెట్టుకుంటే ఏడు దారులున్నాయి. ఏది పట్టాలో మీ వెంట వచ్చేవాళ్లను బట్టి, మీరు బయలుదేరే నెలను బట్టి తేల్చుకోవాలి.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది కాలం. బొగత వానాకాలపు జలపాతం. జులై నుంచి అక్టోబరు దాకా చూడాలి. నడివేసవిలో వెళ్తే బండల మధ్య సన్నటి ధార చూసి రావాలి. చెరువులు వానలు వెనకపట్టిన తర్వాత, సంక్రాంతి దాకా నిండుగా ఉంటాయి. గుట్టలెక్కే పని ఏదైనా నవంబరు, ఫిబ్రవరి మధ్యనే పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు రాతి మీద చెయ్యి ఆనించలేం.

రెండోది మోకాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటే మెట్లు, రాళ్ల బాట ఎంత దూరం ఉన్నాయో ముందే తెలుసుకోవాలి. కారులో కూర్చోబెట్టి "మీరు ఇక్కడే ఉండండి, మేము చూసి వస్తాం" అనడం కన్నా వాళ్లు కూడా నడవగలిగే చోటికి వెళ్లడం మేలు.

మూడోది చాలామంది లెక్కలోకి తీసుకోరు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. అక్కడున్నది నిలబడి ఉన్న కట్టడమా, మనం ఊహించుకోవలసిన శిథిలమా? రామప్ప నిలబడి ఉన్న గుడి. ఏమీ తెలియకుండా వెళ్లినా కళ్లు నిండుతాయి. ధూళికట్టలో మిగిలింది స్తూపం అడుగుభాగం, చుట్టూ మట్టి దిబ్బలు. చరిత్ర కొంచెం చదువుకుని వెళ్లినవాళ్లు అక్కడ పూట గడపగలరు, చదవనివాళ్లకు పది నిమిషాలకే విసుగు వస్తుంది. తప్పు స్థలానిదీ కాదు, చూసేవాళ్లదీ కాదు, ఎంపిక కుదరలేదంతే.

ఇక బండి సంగతి. సొంత వాహనం లేకపోతే ఏడు దారుల్లో మూడింటికే సులువుగా వెళ్లి రాగలరు. అవి కోట, రామప్ప, ఐనవోలు.

| దారి | ముఖ్యంగా చూసేవి | హనుమకొండ నుంచి సుమారుగా | మంచి కాలం | నడక |
|---|---|---|---|---|
| నగరం, కోట | వేయిస్తంభాల గుడి, కీర్తి తోరణాలు | ఊళ్లోనే | ఏడాదంతా, ఎండకు ముందు | తక్కువ |
| ములుగు దారి | రామప్ప, గణపురం కోటగుళ్లు | 70 కి.మీ. | సెప్టెంబరు–ఫిబ్రవరి | తక్కువ |
| అడవి దారి | లక్నవరం, మేడారం, దామరవాయి, బొగత | 75 నుంచి 140 కి.మీ. | జులై–జనవరి | మధ్యస్థం |
| పరకాల దారి | పాండవుల గుట్ట | 50 కి.మీ. | నవంబరు–ఫిబ్రవరి | బాగా ఎక్కువ |
| నర్సంపేట దారి | పాకాల చెరువు | 55 కి.మీ. | అక్టోబరు–జనవరి | మీ ఇష్టం |
| కరీంనగర్ దారి | కురిక్యాల, ధూళికట్ట, కోటిలింగాల | 70 కి.మీ. పైన | నవంబరు–ఫిబ్రవరి | ఎక్కువ |
| జనగామ దారి | ఐనవోలు, పాలకుర్తి, బమ్మెర, పెంబర్తి | 17 నుంచి 60 కి.మీ. | సంక్రాంతి నుంచి ఉగాది | తక్కువ |

నగరం, కోట: ఒక్క పూటే ఉన్నవాళ్లకు

రైలు దిగి సాయంత్రం మళ్లీ రైలెక్కేవాళ్లు మరో ఆలోచన పెట్టుకోవద్దు. పొద్దున వేయిస్తంభాల గుడి, ఎండ తగ్గాక కోట.

వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలున్న త్రికూటాలయం ఇది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని విప్పదీసి, ఏళ్ల తరబడి పనిచేసి తిరిగి నిలబెట్టారు; 2024 మార్చి నుంచి చూడనిస్తున్నారు. అంతకుముందు ఎప్పుడో వచ్చి వెళ్లినవాళ్లు దీనికోసమైనా మళ్లీ రావాలి.

కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. వాటి నడుమ ఉండవలసిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. దాని దూలాలు, స్తంభాలు, విరిగిన హంసలు, ఏనుగులు నేలమీద వరుసలుగా పేర్చి ఉంటాయి. 1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగిన తర్వాత ఈ గుడికి పట్టిన గతి ఏమిటో ఆ రాళ్ల మధ్య నడిస్తే పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది. దగ్గరే ఖుష్ మహల్. వంపుగా వాలిన మందపు గోడల మధ్య పెద్ద హాలు, లోపల ఎక్కడెక్కడో దొరికిన విగ్రహాలు. కోట గోడల లోపల నేటికీ ఊరుంది, పొలాలున్నాయి. మట్టికోట దాటి, రాతికోట వంకర దర్వాజాలోంచి లోపలికి వెళ్లేటప్పుడు కారు దిగి నడవండి. శత్రువు గుర్రం నేరుగా దూసుకురాకుండా ఆ మలుపులు ఎలా కట్టారో నడిస్తేనే తెలుస్తుంది.

సమయం మిగిలితే కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు చూడవచ్చు.

ములుగు దారి: ఒక్క రోజే ఉంటే ఇదే

ఏడింట్లో ఒక్కటే ఎంచమంటే నేను తడుముకోకుండా ఇదే చెబుతాను. గుడి, చెరువు, ఊరు ఈ మూడింటినీ కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. ఆ పద్ధతి చెక్కుచెదరకుండా కనిపించేది ఈ దారిలోనే.

కటాక్షపురం చెరువు దగ్గర కాకతీయుల నాటి గుళ్లున్నాయి, పావుగంట ఆగండి. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం వెళ్లే ప్రతి బండీ ఇక్కడ ఆగి మొక్కి కదులుతుంది. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర రహదారి వదిలి వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరాలి.

రామప్ప గుడి 1213 నాటిది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం, ఇసుక నింపిన పునాది గురించి అందరూ చెబుతారు, అవి నిజమే. కానీ ఇటుకను మీరు అక్కడ నీళ్లలో వేసి చూడలేరు, చూడగలిగింది శిల్పం. గుడి ఎర్రటి ఇసుకరాయి. దాని చూరు కింద వాలుగా నిలబెట్టిన 12 మదనికలు, అంటే నిలువెత్తు స్త్రీ శిల్పాలు, మాత్రం నల్లరాయి. మెడలో పాము వేసుకున్న నాగిని ఒకతె, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని వేటకు బయలుదేరినది మరొకతె. గట్టి నల్లరాయి మీద పెట్టిన మెరుగు ఎనిమిది వందల ఏళ్ల వానలకు కూడా పోలేదు. లోపల స్తంభాల మీద చేసిన జాలీ పని చూడండి; ఒక్కో రంధ్రం దారం దూరేంత సన్నం. కాళ్ల కింద నేల అక్కడక్కడా కుంగి లేచి ఉంటుంది, కప్పు మాత్రం నిలబడే ఉంది. ఎదుటి మండపంలో నంది చెవులు రిక్కించి, ముందరి కాలు కదిపి లేవబోతున్నట్టుంటుంది. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే ఏటవాలు వెలుగులో చెక్కడం లోతు తేటగా కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం మదనికలన్నీ చూరు నీడలో కలిసిపోతాయి.

గుడి చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. చెరువు కూడా చూడండి. గుడి కట్టించినవాడే తవ్వించిన చెరువది, ఈనాటికీ దాని కింద వరి పండుతోంది.

అక్కడి నుంచి పది కిలోమీటర్లలోపే గణపురం కోటగుళ్లు. ఒకే ప్రాకారంలో 22 గుళ్లు, నడుమ గణపేశ్వరాలయం. చాలావాటికి కప్పులు లేవు, కొన్నింటికి గోడలే మిగిలాయి. రామప్పలో మదనికలున్న చోట ఇక్కడ గజకేసరులు ఉంటాయి, ఏనుగు మీద స్వారీ చేసే సగం మనిషి, సగం సింహం. రామప్పలో జనం ఒత్తిడి ఉంటుంది, ఇక్కడ మీకు మీరే. పోల్చి చూడాలనుకునేవాళ్లకు ఈ రెండూ ఒకే రోజున చూడడమే సరైన పద్ధతి. ఒకే కాలపు పనితనం ఒకచోట బతికి, మరోచోట కూలి కనిపిస్తుంది. పిల్లలకు బొమ్మలు గీసే అలవాటుంటే కాగితం, పెన్సిలు ఇచ్చి గణపురంలో వదలండి.

సొంత బండి లేనివాళ్లు ములుగు దాకా ఆర్టీసీ బస్సులో వెళ్లి, అక్కడి నుంచి పాలంపేట బస్సు గానీ ఆటో గానీ పట్టవచ్చు. గణపురానికి కూడా ఆటో మాట్లాడుకోవడం మేలు.

అడవి దారి: రాత్రి బస చేసే వీలుంటేనే

అదే రహదారి గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం అభయారణ్యంలోకి వెళ్తుంది. ఈ దారికి ఒక పగలు చాలదు. లక్నవరంలో పర్యాటక శాఖ కాటేజీలు, తాడ్వాయి వైపు అడవి గుడిసెలు ఉన్నాయి. ముందుగా గది ఖాయం చేసుకుని వెళ్లండి.

లక్నవరం కాకతీయుల కాలపు చెరువే. చల్వాయి దగ్గర రహదారి దిగాలి. గుట్టల మధ్య నీళ్లు, నీళ్లలో దీవులు, దీవులకు వేలాడే వంతెనలు. పిల్లలకు, కొత్తగా పెళ్లయినవాళ్లకు నచ్చుతుంది. ఆదివారం మాత్రం వద్దు. వంతెన మీద జనమే తప్ప చెరువు కనబడదు.

మేడారం విషయంలో ముందే మనసులో స్పష్టత ఉండాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని గద్దెకు తెచ్చే ఘట్టం చూడాలనుకుంటే ఆ జనసముద్రానికి సిద్ధపడి వెళ్లాలి. అది మొక్కు, విహారం కాదు. జాతర లేని రోజుల్లో గద్దెలు, జంపన్న వాగు ప్రశాంతంగా ఉంటాయి, నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే భక్తులు ఏడాది పొడవునా కనబడుతూనే ఉంటారు. ఇది కోయల గుడి, పూజారులు వాళ్లే. వాళ్ల ఇళ్లను, ఆడవాళ్లను అడగకుండా ఫొటోలు తీయకండి.

తాడ్వాయి మండలంలోని దామరవాయి గురించి తెలిసినవాళ్లు తక్కువ. గుట్ట మీద పలకరాళ్లను గోడల్లా నిలబెట్టి, పైన ఒకే బండను కప్పుగా వేసిన సమాధులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఊరివాళ్లు రాక్షస గుళ్లంటారు. బృహత్ శిలాయుగపు మనుషులు తమ చనిపోయినవాళ్లకు కట్టిన ఇళ్లవి. కాకతీయుల గుళ్లు నిన్నమొన్నటివనిపించేంత పాతవి. బాట గుర్తులు లేవు కాబట్టి ఊళ్లో ఎవరినైనా వెంట తీసుకుని, వాళ్లకు కూలి ఇచ్చి వెళ్లండి.

బొగత దీనికి కొసన, గోదావరి మీద ముళ్లకట్ట వంతెన దాటాక వాజేడు మండలంలో ఉంది. చీకుపల్లి వాగు వెడల్పాటి బండ మీంచి ఒక్కసారిగా దూకుతుంది. ఉద్ధృతి ఎక్కువైతే అటవీ శాఖ నీళ్లలో దిగనివ్వదు, ఆ మాట వినాలి.

పాండవుల గుట్ట: కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు

పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్లే దారిలో, రేగొండ మండలం రావులపల్లి దగ్గర ఇసుకరాతి గుట్టలున్నాయి. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఆ రాళ్ల చరియల కింద ఆదిమానవుడు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చేతి గుర్తులు. వాటి పక్కనే తర్వాతి కాలాలవాళ్లు వేసినవీ ఉన్నాయి.

పెద్దవాళ్లను, చంటిపిల్లలను తీసుకెళ్లవలసిన చోటు కాదు. ఎక్కాలి, కొన్నిచోట్ల పాకాలి, నీళ్లు మోసుకెళ్లాలి. రాళ్లెక్కే సాహసక్రీడల కోసం వచ్చే కుర్రవాళ్లకు మాత్రం వరంగల్ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి గుట్ట లేదు. దారి తెలిసినవాళ్లు వెంట లేకపోతే బొమ్మల పక్క నుంచే వెళ్లిపోయి వాటిని చూడకుండా దిగి వస్తారు.

రంగు తేలి కనిపిస్తుందని ఫొటో కోసం బొమ్మల మీద నీళ్లు చల్లడం కొందరికి అలవాటు. ఒక్కో చిలకరింపుకు కొంత రంగు పోతుంది, మళ్లీ రాదు. పేర్లు చెక్కేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ వెంట వచ్చినవాళ్లలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

వెనక్కి వచ్చేటప్పుడు పరకాలలో అమరధామం దగ్గర ఆగండి. 1947 సెప్టెంబరు 2న నిజాం రాజ్యంలో జాతీయ జెండా ఎగరేయబోయినవాళ్ల మీద కాల్పులు జరిగిన ఊరిది.

పాకాల: ఏమీ చేయకుండా ఉండాలనుకునేవాళ్లకు

గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన ఈ చెరువు నర్సంపేట దాటాక, అడవి గుట్టల మధ్య ఉంది. లక్నవరంలో ఉన్న హడావిడి ఇక్కడ లేదు, వంతెనలూ లేవు. కట్ట మీద కూర్చుని నీళ్లను, శీతాకాలంలో దిగే పక్షులను చూడడం, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం తినడం, అంతే. ముసలివాళ్లు, చిన్నపిల్లలు కలిసి వచ్చే కుటుంబానికి లక్నవరం, పాకాల రెండింట్లో నేనైతే పాకాలే చెబుతాను. తిండి, తాగునీరు వెంట తీసుకెళ్లండి, చెత్త తిరిగి తెచ్చుకోండి.

కరీంనగర్ దారి: చదువుకుని వెళ్లేవాళ్లకు

కాకతీయులకు వెయ్యేళ్ల ముందు సంగతులు కావాలంటే ఉత్తరానికి వెళ్లాలి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. స్తూపానికి తాపిన సున్నపురాతి ఫలకాల మీద బుద్ధునికి గొడుగుపట్టిన ముచిలింద నాగుడు పడగ విప్పి ఉంటాడు. జగిత్యాల జిల్లా కోటిలింగాల గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట ఉంది. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని నాణేలు దొరికింది ఇక్కడే. పాత ఊరి దిబ్బలో కొంతభాగం ఎల్లంపల్లి జలాశయపు నీళ్ల పాలైంది. నది ఒడ్డున కోటేశ్వరుని గుడి దగ్గర కూర్చుంటే ఇక్కడే నగరం ఎందుకు వెలిసిందో అర్థమవుతుంది.

తెలుగు చదివే ప్రతివారికీ నేను గట్టిగా చెప్పేది మాత్రం కురిక్యాల. గంగాధర మండలంలోని ఈ ఊరి బొమ్మలమ్మ గుట్ట మీద, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి, అంటే నన్నయ భారతానికి దాదాపు నూరేళ్ల ముందే మన కందం రాతికెక్కింది. పైన జైనుల దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు. ఎక్కడం కష్టమే, మోకాళ్లు బాగోలేనివాళ్లు కింద నుంచే గుట్టను చూడాలి. పద్యాలను ముందే కాగితం మీద రాసుకుని వెళ్తే అక్కడ అక్షరం అక్షరం పోల్చుకోవచ్చు.

ఈ మూడూ ఒకే రోజున చూడడం కష్టం. కురిక్యాలకు ఎలగందుల కోటను జోడించండి, లేదా ధూళికట్టకు కోటిలింగాలను జోడించండి.

జనగామ దారి: ఊళ్లు, చేతిపనులు

ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నాలనే పెద్ద ముగ్గులు వేస్తారు, బోనాలు వస్తాయి. గుడి కాకతీయుల కాలపుది, తోరణాలు కూడా ఉన్నాయి. గుడిని ఖాళీగా చూడాలంటే మిగతా నెలల్లో, జీవంతో చూడాలంటే జాతరలో.

పాలకుర్తిలో గుట్ట మీద సోమేశ్వరుడు. ప్రదక్షిణ రాళ్ల సందులోంచి సాగుతుంది. ఆ పక్కనే పోతన ఊరు బమ్మెర. అక్కడ చూడడానికి పెద్ద కట్టడాలేమీ లేవు, పొలాలున్నాయి. భాగవత పద్యం నాలుగు నోటికొచ్చినవాళ్లకు ఆ పొలాలే చాలు.

పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, సన్నటి ఉలులతో వెనక నుంచి, ముందు నుంచి కొట్టి బొమ్మ తేలుస్తారు. పనివాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని అరగంట చూసినా రేకులో ఒక ఆకు మాత్రమే పూర్తవుతుంది. ధర విన్నప్పుడు ఆ అరగంట గుర్తుంచుకుని బేరమాడండి.

ఇంకా తేలకపోతే

హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లతో ఒక్క రోజుకు వస్తున్నారా? నగరం, కోట చూసి వెళ్లండి, రామప్పను ఇంకోసారికి ఉంచండి. నడవగలిగిన కుటుంబమైతే ములుగు దారి. కళాశాల స్నేహితులైతే శీతాకాలంలో పాండవుల గుట్ట, వానాకాలంలో ఒక రాత్రి తాడ్వాయిలో ఉండి బొగత. తెలుగు, చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను తీసుకెళ్లాలంటే బమ్మెర, పెంబర్తి ఒక రోజు. పెద్ద తరగతులైతే కురిక్యాల.

రెండు రోజులున్నవాళ్లు మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి కోటకు చేరి, రాత్రి హనుమకొండలో ఉండి, మర్నాడు ఆరింటికే ములుగు దారి పట్టండి. ఎండ ముదరకముందే రామప్ప, పదకొండుకు చెరువు కట్ట, మధ్యాహ్నం భోజనం తర్వాత గణపురం. అయిదింటికి అక్కడ బయలుదేరితే రాత్రి ఎనిమిదిలోపు కాజీపేటలో రైలు అందుకోవచ్చు.